ఇంట్లో ఆరుగురి పళ్ళూ బాగుండాలంటే ఏ పేస్టు వాడాలి? హన్మకొండ నుంచి ఒక పళ్ళ డాక్టర్ జవాబు

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినావిడ హన్మకొండలోనే ఉంటారు. ఇంట్లో ఆరుగురు. మామయ్యకు గుండెకు స్టెంటు వేశారు, కింద రెండు పళ్ళు కదులుతున్నాయి, వేప పుల్ల తప్ప ఇంకోటి ముట్టరు. అత్తమ్మకు షుగర్, పొద్దున నల్లపొడి తోమితే గానీ ఆమెకు తెల్లవారదు. భర్తకు షాపు ఉంది, గుట్కా అలవాటు ఉంది. ఆవిడకు ఇప్పుడు అయిదో నెల, బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. బాబుకు ఏడేళ్ళు. పాపకు మూడు, పాల సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతుంది. "అందరికీ సరిపోయే మంచి పేస్టు ఏది? క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయంటున్నారు, నిజమేనా? నీళ్ళలో ఫ్లోరైడ్ అంటే భయంగా ఉంది, ఆర్వో పెట్టించాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. పేస్టు బ్రాండు గురించి ఆలోచించడం ఆపేయండి. డబ్బా మీద ఫ్లోరైడ్ అని రాసి ఉన్న మామూలు పేస్టు ఏదైనా ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. మీ ఇంట్లో మారాల్సింది రాత్రిపూట అలవాటు. పడుకునే ముందు ఆరుగురూ బ్రష్ చేయాలి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేదీ నోట్లోకి పోకూడదు. క్లీనింగ్ వల్ల పళ్ళు వదులు కావు. ఆర్వో పెట్టించుకోవడం మీ ఇష్టం, నీళ్ళ పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే తప్ప పళ్ళ కోసమైతే అక్కర లేదు. ఇక ఆరుగురిలో ముందు డాక్టర్‌కు చూపించాల్సింది మీకు రక్తం కారుతున్న చిగుళ్ళు కాదు, మామయ్య కదిలే పళ్ళూ కాదు. మీవారి నోరు. ఎందుకో కింద చెప్తాను.

రాత్రి సంగతి. మన దగ్గర పొద్దున ముఖం కడుక్కోకుండా చాయ్ చుక్క కూడా ముట్టరు. నాలుక గీసుకునే చప్పుడు మూడిండ్ల అవతలికి వినపడుతుంది. అంత శుభ్రం ఉన్న మనుషులే రాత్రి అన్నం తిని, టీవీ చూసుకుంటూ ఓ నువ్వుల ముద్ద నోట్లో వేసుకుని అట్లాగే పడుకుంటారు. పళ్ళ లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. పగలు లాలాజలం ఊరుతూ ఉంటుంది, నోటిని కడుగుతూ ఉంటుంది, తిండి వల్ల పుట్టిన ఆమ్లాన్ని తగ్గిస్తూ ఉంటుంది. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. పంటి మీద మిగిలిన పిండి పదార్థాన్ని, తీపిని సూక్ష్మక్రిములు తెల్లవార్లూ ఆమ్లంగా మారుస్తూనే ఉంటాయి, కడిగేవాడు ఉండడు. పొద్దున చేసే బ్రష్ ఆ నష్టం జరిగాక చేసేది. రోజుకు ఒక్కసారే చేస్తాను అని ఎవరైనా మొండికేస్తే, ఆ ఒక్కసారీ రాత్రి చేయమని చెప్తాను.

ఆమ్లాన్ని కొలిచే లెక్కను పీహెచ్ అంటారు, ఆమ్లం పెరిగేకొద్దీ అది దిగుతుంది. నోట్లో పీహెచ్ 5.5 కంటే దిగితే పంటి పైపొర, అదే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొన్ని నిమిషాల్లోనే ఆ గీత దాటుతుంది, మళ్ళీ మామూలు కావడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. బతుకమ్మ నాడు మలీద ముద్దలు ఒక్కసారి కూర్చుని కడుపు నిండా తినండి, నాకేం అభ్యంతరం లేదు. షాపులో కూర్చుని గంటకో చక్కెర చాయ్ తాగే మనిషి పళ్ళు మాత్రం పొద్దంతా ఆ గీత కిందనే ఉంటాయి. పిల్లల చిప్స్ ప్యాకెట్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి పళ్ళకు ఏం కాదనుకుంటారు. అది పిండి. దవడ పళ్ళ గుంటల్లో ముద్దగా ఇరుక్కుని, చాక్లెట్ కంటే ఎక్కువసేపు ఉంటుంది.

ఫ్లోరైడ్ చేసే పని, ఇట్లా కరిగిన పైపొరను తిరిగి గట్టిపరచడం. మన దగ్గర దొరికే పెద్దల పేస్టుల్లో మామూలుగా 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళ దాకా ఉంటుంది. పిల్లల బొమ్మలు వేసి అమ్మేవాటిలో కొన్నింట్లో అందులో సగమే ఉంటుంది, మూలికల పేస్టులు కొన్నింట్లో అసలే ఉండదు. డబ్బా తిప్పి చదవండి. ఇంకొక్క మాట: బ్రష్ అయ్యాక ఉమ్మేయండి, అంతే. నీళ్ళు పోసి పుక్కిలించొద్దు. పుక్కిలిస్తే పైసలు పెట్టి కొన్న ఫ్లోరైడ్ సింకులోకి పోతుంది. మొదట్లో రెండు మూడు రోజులు నోరు వెగటుగా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

బ్రష్ మెత్తగా, సాఫ్ట్ అని రాసి ఉన్నదే కొనండి. గట్టిగా రుద్దితే తెల్లబడతాయన్నది భ్రమ. చిగురు, పన్ను కలిసే చోట బ్రష్‌ను కొంచెం ఏటవాలుగా పెట్టి చిన్నగా కదిలించాలి. రెండు నిమిషాలు. చాలామంది బ్రష్ అస్సలు పోని చోటు, కింది ముందు పళ్ళ లోపలి వైపు. నాలుకకు ఆనుకుని ఉండే ఆ చోటే అన్నిటికంటే ముందు గార, అంటే గట్టిపడిన పాచి, పడుతుంది. మూడు నెలలకోసారి బ్రష్ మార్చండి, కుచ్చులు ముందే విరబూస్తే అప్పుడే. మౌత్‌వాష్ మీకు అవసరం లేదు, ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ఇవ్వనే వద్దు.

ఇప్పుడు ఒక్కొక్కరి సంగతి.

మీవారు. గుట్కాలో రెండు విషాలున్నాయి. పొగాకు గురించి అందరికీ తెలుసు. వక్క గురించి తెలియదు. పొగాకు లేని వట్టి వక్కను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది. "జర్దా మానేసిన సార్, ఇప్పుడు వక్కపొడే" అని గొప్పగా చెప్పేవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వక్క వల్ల బుగ్గ లోపలి పొర పీచు పట్టి బిగుసుకుంటుంది, నోరు తెరుచుకోవడం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. ఒకసారి బిగుసుకున్నది పూర్తిగా వెనక్కి రాదు. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది.

ఇంట్లోనే చూసే పద్ధతి ఉంది. ఆయన సొంత చేతి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ కలిపి, నిలువుగా, పై ముందు పళ్ళకూ కింది ముందు పళ్ళకూ మధ్య పెట్టమనండి. మూడు వేళ్ళూ సులువుగా పట్టాలి. రెండే పడితే వ్యవహారం మొదలైంది. దీనికంటే ముందు వచ్చే గుర్తు ఇంకోటి ఉంది, అది మీకే తెలుస్తుంది: ఈ మధ్య "కూరల కారం ఎక్కువైంది, నోరు మండుతున్నది" అంటున్నారా? మన జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి ఉన్నట్టుండి కారం పడకపోవడం ఏంటి? చాలా ఇండ్లల్లో ఏం జరుగుతుందంటే, ఆడవాళ్ళు కూరలో కారం తగ్గించుకుంటూ పోతారు. అయిదారు నెలలకు పచ్చిపులుసు కూడా మండుతుంది. అప్పటికి బుగ్గ లోపల తెల్లగా, తోలులాగా గట్టిపడి ఉంటుంది. కారం తగ్గించకండి, నోరు చూపించండి.

మానడం మాటతో అయ్యేది కాదని నాకు తెలుసు, భార్య పోరు పెట్టినంత మాత్రాన ఎవరూ మానరు. 1800-112-356 అని కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, కాల్‌కు పైసా ఖర్చు లేదు. నికోటిన్ చూయింగ్ గమ్‌లు, ప్యాచ్‌లు ఉన్నాయి, డాక్టర్ సలహాతో వాడితే మొదటి వారాల తిప్పలు తగ్గుతాయి. మన రాష్ట్రంలో గుట్కా అమ్మకం మీద నిషేధం ఉంది. ఎట్లా దొరుకుతోందో నన్ను అడగొద్దు.

అత్తమ్మ. షుగరూ చిగుళ్ళూ ఒకదాన్నొకటి పాడు చేసుకుంటాయి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో చీము ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. గోలీలు పెంచుతూ పోయినా తగ్గని షుగర్, చిగుళ్ళకు వైద్యం చేశాక కొంత దిగడం నేను చాలామందిలో చూశాను. అందుకే షుగర్ డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు పాదాలు, కళ్ళు చూపించినట్టే నోరు కూడా చూపించాలి.

నల్లపొడి అంటే కాల్చిన పొగాకు. "పండ్లు గట్టిగ ఉంటయి బిడ్డా" అంటారు పెద్దవాళ్ళు. గట్టిగా ఉన్నట్టు అనిపించడానికి కారణం, ఆ పొగాకు చిగుళ్ళ రక్తనాళాలను కుదించేస్తుంది. రక్తం కారదు, నొప్పి తెలియదు, లోపల ఎముక మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. బీడీలు చుట్టే ఇండ్లు ఎక్కువున్న సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చే పెద్దమ్మలలో ఇది మరీ ఎక్కువ, ఆకు, తంబాకు చేతిలోనే ఉంటాయి కదా. ఒక్కసారిగా మానేయమంటే అత్తమ్మ మీ మీద కోపం చేస్తారు. ముందు రాత్రి బ్రష్ పేస్టుతో మొదలుపెట్టించండి. పొద్దున పొడి తోముడు సగం నోటి అలవాటు, సగం కడుపు కదిలే అలవాటు. పొడి లేకపోతే దొడ్డికి రాదనే భయంతోనే చాలామంది మానరు. లేవగానే గోరువెచ్చని నీళ్ళు తాగడం అలవాటైతే ఆ భయం తగ్గుతుంది, తర్వాత పొడి మాట ఎత్తండి.

నెలకోసారి ఫోన్ టార్చి వేసి ఆమె నోరు మీరే చూడండి. బుగ్గల లోపల, కింది పెదవి లోపల, నాలుక పక్కలు, నాలుక కింద. గుడ్డతో తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, తగిలితే గట్టిగా ఉండే గడ్డ: వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. నొప్పి లేదు కదా అని అసలే ఆగొద్దు. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగం ఉంది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తే భయపడాల్సింది లేదు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న మాట అబద్ధం. మీవారి నోరు కూడా ఇట్లాగే చూడండి.

మామయ్య. వేప పుల్ల మీద నాకు కోపం లేదు. కానీ నమిలిన కుచ్చు దవడ పళ్ళ వెనక్కీ, లోపలి వైపుకీ పోదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. పొద్దున పుల్ల ఆయన ఇష్టం, రాత్రి మాత్రం బ్రష్. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వేలితో పెట్టి రుద్దుడు మాత్రం మాన్పించండి. చిగురు దగ్గర పన్ను గాడి పడి, చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది.

స్టెంటు ఉంది కాబట్టి రక్తం పలుచన చేసే గోలీలు వేసుకుంటూ ఉంటారు. పన్ను తీయించుకోవాల్సి వస్తే ఆ గోలీలు సొంతంగా ఆపొద్దు. పక్కింటివాళ్ళు చెప్పారనో, మెడికల్ షాపులో చెప్పారనో ఆపిన రోజున పంటి రక్తం కంటే పెద్ద ప్రమాదం గుండెకు ఉంటుంది. గోలీల చీటీ మొత్తం పళ్ళ డాక్టర్ ముందు పెడితే, అవసరమైతే ఆయన గుండె డాక్టర్‌తో మాట్లాడతారు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్ళు లావెక్కి పళ్ళ మీదికి పెరుగుతాయి. అది కూడా చెప్పాల్సిన సంగతే.

కదిలే పళ్ళన్నీ పీకాల్సినవి కావు. కొన్ని క్లీనింగ్ తర్వాత చిగురు బిగిసి నిలబడతాయి, కొన్ని నిలబడవు. చూసి చెప్పాల్సిందే. సంక్రాంతి వెళ్ళిన వారం మా క్లినిక్‌లో పెద్దవాళ్ళ వరస ఉంటుంది, అందరిదీ ఒకే కథ: సకినం కొరికితే పన్ను విరిగింది. పాత సిమెంట్ ఉన్న పన్నుతో, క్యాప్ లేని రూట్ కెనాల్ పన్నుతో సకినం, వేయించిన మక్కలు కొరకనివ్వొద్దు. చాయ్‌లో ముంచుకుని తింటే పోయేదేముంది.

రేపు కట్టుడు పళ్ళు పెట్టించాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి, మామూలు సబ్బుతో కడగాలి. పేస్టు వేసి రుద్దితే గీతలు పడతాయి, వేడినీళ్ళు పోస్తే వంకర పోతాయి. ఇంకోటి, సంతల్లో, రోడ్డు పక్కన "గంటల పండ్లు కడ్తం" అనేవాళ్ళ దగ్గరికి పోనివ్వకండి. పాత వేర్ల మీద, పక్క పళ్ళకు అతికించి, తీయడానికి రాకుండా ప్లాస్టిక్ ముద్ద పోసేస్తారు. దాని కింద చిగురు కుళ్ళి వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పళ్ళు చూసేవాళ్ళకు బీడీఎస్ డిగ్రీ, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం గోడ మీద ఉండాలి, లేకపోతే అడగండి. పంటి పురుగు తీసి అరచేతిలో చూపించేవాళ్ళు ఇంకో రకం. పంట్లో పురుగు ఉండదు. చూపించిన పురుగు వాళ్ళు తెచ్చుకున్నదే.

మీరు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్ళు ఉబ్బుతాయి, కొంచెం పాచి ఉన్నా రక్తం కారుతుంది. రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది. మెత్తటి బ్రష్‌తో ఆ చోటనే నిదానంగా చేయండి. మీకు ఇప్పుడు అయిదో నెల, అంటే క్లీనింగ్‌కూ, సిమెంట్ పెట్టించుకోవడానికీ అన్నిటికంటే అనువైన సమయం. చివరి నెలల్లో కుర్చీలో వెల్లకిలా పడుకోవడమే కష్టమవుతుంది. "కడుపుతోటి ఉన్నప్పుడు పండ్ల జోలికి పోవద్దు" అని ఇంట్లో అంటారు. పోయి, ఎన్నో నెలో మొదటే చెప్పండి. నొప్పికి మెడికల్ షాపులో ఏదో ఒక గోలీ అడిగి వేసుకోవడమే అసలు చేయకూడని పని. టెట్రాసైక్లిన్ జాతి మందులు బిడ్డకు రాబోయే పళ్ళనే రంగు మార్చేస్తాయి.

వాంతులు ఇంకా ఉంటే, వాంతి అయిన వెంటనే బ్రష్ చేయొద్దు. కడుపులోని ఆమ్లం పంటి మీద ఉన్నప్పుడు రుద్దితే పైపొర అరుగుతుంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు తినే సోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి చేయండి.

బాబు. ఏడేళ్ళ పిల్లల తల్లిదండ్రులు అందరూ ఒక్క సంగతి తెలుసుకుంటే నా పని సగం తగ్గిపోతుంది. ఆరేళ్ళ ప్రాంతంలో, పాల దవడ పళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు కొత్త దవడ పళ్ళు వస్తాయి, పైన రెండు, కింద రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి ఇవి కూడా పాలపళ్ళే అనుకుంటారు. కావు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్ళు. బాబు నోరు తెరిపించి ముందు నుంచి ఒక్కో వైపు లెక్కపెట్టండి, ఆరోది అదే. దాని మీద గుంటలు లోతుగా ఉంటాయి, బ్రష్ కుచ్చు అడుగుకు పోదు. సగం చిగురులో ఉన్నప్పుడే పుచ్చడం మొదలవుతుంది. ఎనిమిదేళ్ళకే ఆ పన్నుకు రూట్ కెనాల్ దాకా వచ్చిన పిల్లలను చూస్తుంటాను, తల్లి మాత్రం "పాలపన్నే కదా సార్, ఊడిపోతది" అంటుంది. ఆ గుంటలను సీలెంట్ అనే పూతతో నింపవచ్చు. సూది లేదు, నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. ఇప్పుడే చేయించండి.

పాలపళ్ళు ఊడేవే కదా అని వదిలేయడం కూడా తప్పే. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, ఇంటి కప్పు మీదికి విసిరి సంబరపడతాం. కానీ పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే వెనకవి ముందుకు జరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు ఉండదు, తర్వాత క్లిప్పులు పెట్టించాలి.

ఆటల్లో శాశ్వత ముందు పన్ను మొత్తం ఊడి వస్తే: తెల్లటి భాగం పట్టుకోండి, వేరు ముట్టొద్దు, తోమొద్దు. మట్టి ఉంటే పాలతో గానీ నీళ్ళతో గానీ ఒక్కసారి కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డ కరిపించండి. చేత కాకపోతే గ్లాసు పాలలో వేసుకుని పరుగెత్తండి. అరగంటలో చేరితే బతికే అవకాశం బాగా ఉంటుంది, గంట దాటితే తగ్గుతూ పోతుంది. కాగితంలో చుట్టి జేబులో వేసుకొస్తే ఎండిపోతుంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

పాప. సీసా నోట్లో ఉండగా నిద్రపోయే పిల్లల్లో ముందు పుచ్చేవి పై నాలుగు ముందు పళ్ళు. కింది వాటిని నాలుక కప్పి కాపాడుతుంది. పాప పై పెదవి ఎత్తి, చిగురు వెంబడి చూడండి. సున్నం గీసినట్టు తెల్లటి చార ఉందా? ఉంటే అది మొదటి దశ, ఫ్లోరైడ్ పూతతో ఆపవచ్చు. గోధుమ రంగుకు తిరిగితే ఆలస్యమవుతోందని అర్థం. సీసా ఒక్క రాత్రిలో మాన్పించాలని చూస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పాలలో చక్కెర ముందు ఆపండి, తర్వాత పాలల్లో నీళ్ళ వంతు రోజు రోజుకూ పెంచుతూ చివరికి వట్టి నీళ్ళకు తీసుకురండి. అప్పటికి సీసా మీద ఆశ దానంతట అదే పోతుంది. పాలు గ్లాసులో, పడుకునే ముందు, బ్రష్‌కు ముందు. దగ్గు మందు సిరప్‌లలో కూడా చక్కెర ఉంటుంది, రాత్రి పట్టిస్తే కొంచెం నీళ్ళు తాగించండి.

పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో బ్రష్ నిండా అల వేసినట్టు వేసేది పేస్టు త్వరగా అయిపోవడానికి. పాపను మీ ఒడిలో తల పెట్టించి పడుకోబెట్టుకుని, వెనక నుంచి చేస్తే పళ్ళన్నీ కనపడతాయి. ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లలు సొంతంగా సరిగా చేసుకోలేరు, బాబుకు కూడా రాత్రి బ్రష్ పెద్దవాళ్ళే చేయాలి.

ఇక క్లీనింగ్ భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క అపోహ వల్లే మన జిల్లాలో జనం పళ్ళు పోగొట్టుకుంటున్నారు. పాచి తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గార అవుతుంది. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకుంటుంది చూడండి, అట్లాంటిదే. బ్రష్‌కు రాదు. ఆ గార చిగురు కిందికి దిగి, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ఎముక పోయాక పన్నును పట్టి ఉంచేది ఆ గార దిమ్మే. ఒక పన్నుకు ఇంకో పన్ను అతుక్కుని గోడలాగా నిలబడతాయి. గార తీయగానే పన్ను కదిలినట్టు, మధ్యలో సందులు వచ్చినట్టు అనిపిస్తుంది. డాక్టర్ వదులు చేశాడనుకుంటారు. వదులు ఎప్పుడో అయ్యింది, గార దాన్ని దాచింది. క్లీనింగ్ అయ్యాక కొన్ని రోజులు చల్లటి నీళ్ళకు జివ్వుమనడం మామూలే, తగ్గిపోతుంది. మామయ్యకూ అత్తమ్మకూ ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే ఇంటికొచ్చాక మిమ్మల్నే అంటారు.

నీళ్ళ సంగతి. ఫ్లోరైడ్ అంటే మన రాష్ట్రంలో అందరికీ నల్గొండ గుర్తొస్తుంది, భయం సహజం. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా పర్వాలేదని మన దేశపు ప్రమాణం. అది దాటితే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, చిగురులో తయారవుతున్న పళ్ళ మీద గోధుమ మచ్చలు పడతాయి. నీళ్ళలోని ఫ్లోరైడ్ కడుపులోకి పోతుంది, పేస్టులోది పంటి మీద పనిచేసి ఉమ్మేస్తాం, రెండూ ఒకటి కాదు. మీ ఇంటికి మిషన్ భగీరథ నల్లా వస్తుంటే అది నదుల నుంచి, జలాశయాల నుంచి వచ్చే నీరు, ఆ భయం పెట్టుకోనక్కర లేదు. బోరునీళ్ళే తాగుతున్నట్టయితే ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఎక్కువ ఉన్నట్టు తేలితే అప్పుడు ఆర్వో అవసరమే. ఇప్పటికే ఆర్వో ఉంటే దాంతో పళ్ళకు నష్టం లేదు, పేస్టులో మాత్రం ఫ్లోరైడ్ తప్పకుండా ఉండాలి.

నొప్పి వచ్చినప్పుడు చేసే పిచ్చి పనుల గురించి కూడా చెప్పేస్తాను. పుచ్చులో జిల్లేడు పాలు పోయడం, నొప్పి గోలీ నూరి చిగురు మీద పెట్టడం వల్ల చర్మం కాలిపోతుంది. బుగ్గ వాస్తే బయట వేడి కాపడం పెట్టొద్దు, చీము చర్మం వైపుకు తిరుగుతుంది. లవంగ నూనె కొంచెం దూదితో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది, అంతే. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే నొప్పి పోతుంది, పుచ్చు పోదు. నొప్పి ఆగిపోయింది కదా అని వదిలేసిన పన్నులో చాలాసార్లు నరం చచ్చిపోయి ఉంటుంది, అందుకే నొప్పి లేదు. చిన్న పుచ్చుకు ఒక్క సిటింగ్‌లో సిమెంట్ పెడితే అయిపోయేది, అట్లా వదిలేస్తే రూట్ కెనాల్, క్యాప్ దాకా పోతుంది. ఖర్చు ఎన్నో రెట్లు. దవడ కింద వాపు, జ్వరం, మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది కలిసి వస్తే మాత్రం క్లినిక్ కాదు, నేరుగా పెద్దాసుపత్రికి, అర్ధరాత్రి అయినా సరే.

వెళ్ళే వరస ఇట్లా పెట్టుకోండి. ఈ వారంలో మీవారు, అత్తమ్మ ఒకేసారి. తర్వాత ఎనిమిదో నెల రాకముందే మీరు, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని. మామయ్య పళ్ళు కొంచెం ఆగినా పర్వాలేదు, చీమో వాపో ఉంటే తప్ప. ఆ తర్వాత షుగర్ ఉన్నవాళ్ళు, పొగాకు వాడేవాళ్ళు ఆరు నెలలకోసారి, పిల్లలు కూడా అంతే, మిగతావాళ్ళు ఏడాదికోసారి వస్తే చాలు. అత్తమ్మను పొద్దున టిఫిన్ తిని, షుగర్ గోలీ వేసుకున్నాకే తీసుకెళ్ళండి, ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చోబెడితే కళ్ళు తిరుగుతాయి. ఆమె మూడు నెలల షుగర్ సగటు రిపోర్టు, అత్తమ్మవీ మామయ్యవీ గోలీల చీటీలు సంచిలో పెట్టుకోండి.